వెయ్యి దరఖాస్తుల్లో ఒకటి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి దరఖాస్తు ఎలా రాయాలో తెలుగు పంతులు చెప్పడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు. మా వూళ్ళోనూ మొదట అలాగే నవ్వారు. కాని తెలుగు ఎం.ఏ. చదివి, ఇన్నేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న నా దగ్గరికే ఇంజనీరింగు పిల్లలు తమ బయోడేటాలు పట్టుకొని వస్తున్నారంటే దానికో కారణం వుంది. వాళ్ళకు ప్రోగ్రాములు రాయడం వచ్చు. రాసినదాన్ని గురించి ఎదుటి మనిషికి అర్థమయ్యేటట్టు నాలుగు వాక్యాలు చెప్పడం రాదు. ఆ రెండోపని నా వృత్తి.

మాది తనకల్లు. కదిరి నుంచి మదనపల్లె వెళ్ళే దారిలో వుంటుంది. చాలాకాలం అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గాని వానల తీరు మారలేదు. అనంతపురం ప్రాంతానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురుస్తుంది. ఆ కురిసేదైనా శెనక్కాయ పూత మీద వున్నప్పుడు కురవదు, పీకి కుప్ప వేసినప్పుడు కురుస్తుంది. అంచేత ఇక్కడి తల్లిదండ్రులు భూమిని నమ్మడం తగ్గించి, పిల్లల చదువును నమ్మడం మొదలుపెట్టారు. పగలనక రాత్రనక బెంగుళూరు బస్సెక్కే వాళ్ళలో సగంమంది భుజాన లాప్‌టాప్ సంచీ వుంటుంది. ఆ సంచీలో ఒక కుటుంబం నాలుగేళ్ళ ఆశ వుంటుందని వేరే చెప్పనక్కరలేదు.

రెండేళ్ళ క్రితం అలాంటి కుటుంబంలోని తండ్రి ఒకాయన మా యింటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఏం సార్, నాలుగేండ్లు సదివిచ్చినా. మావోనికి ఒగ పిలుపన్నా రాలేదే? ఇన్నూరు కంపెనీలకు రాసినాడంట. ఇప్పుడు బెంగుళూరులో ఎవరో లచ్చన్నర ఇస్తే రెండేండ్లు పని చేసినట్టు కాగితాలు ఇస్తామంటాండారు. రెండు ఎనుములున్నాయి, అమ్మితే సరిపోతాది. ఇయ్యమంటారా, వద్దంటారా?”

ఈ ప్రశ్నకు జవాబు ఒక్కమాటలో చెప్పి పంపించవచ్చు. నేను వద్దనే అన్నాను. కాని వద్దన్నవాడు మరేం చెయ్యాలో కూడా చెప్పాలి గదా! కుర్రవాణ్ణి కాగితం తీసుకొని రమ్మన్నాను. ఆ కాగితం కథ తరువాత చెబుతాను. ముందు ఆ రెండు వందల దరఖాస్తులూ ఎవరి చేతికి వెళ్ళాయో, ఏమయ్యాయో చూద్దాం.

దరఖాస్తును మొదట చూసేవాణ్ణి రిక్రూటరు అంటారు. ఆయన గొప్ప కంప్యూటరు పండితుడై వుంటాడని మన పిల్లలు అనుకుంటారు. చాలాసార్లు కాదు. ఇరవై అయిదేళ్ళో ముప్ఫయ్యేళ్ళో వున్న ఒక అమ్మాయి అయి వుంటుంది. ఆమెకు పైఅధికారి ఒక జాబితా ఇస్తాడు: జావా వచ్చినవాడు కావాలి, స్ప్రింగ్ బూట్ తెలియాలి, ఎస్‌క్యూఎల్ తెలియాలి, బెంగుళూరులో వుండాలి, నెలరోజుల్లో చేరాలి. ఆమె బల్లమీద అలాంటి జాబితాలు పదో పదిహేనో వుంటాయి. ఒక్కొక్కదానికి వందలు, కొన్నిటికి వేలు దరఖాస్తులు. వాటిని వరుసలో పెట్టి వడపోయడానికి ఒక సాఫ్ట్‌వేరు వుంటుంది. ఆ జల్లెడకు తెలిసింది మాటలు మాత్రమే. ప్రకటనలో ఏ మాట వున్నదో, అది మీకు నిజంగా వచ్చినదైతే, అదే మాట మీ కాగితంలోనూ వుండాలి. మరో పేరుతో రాస్తే జల్లెడకు అది కనబడకపోవచ్చు. అలాగే ముచ్చటగా రెండు నిలువు వరుసలు, రంగుల పెట్టెలు, ఫోటో, నైపుణ్యానికి చుక్కలు వగైరా పెట్టి అచ్చువేసిన కాగితాలను ఆ యంత్రం తరచు తప్పుగా చదువుతుంది. పెళ్ళి శుభలేఖకు అలంకారం కావాలిగాని దీనికెందుకు?

జల్లెడలో మిగిలిన వాటిని ఆ అమ్మాయి కంటితో చూస్తుంది. ఎంతసేపు చూస్తుంది? అమెరికాలో ల్యాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ 2012లో రిక్రూటర్ల చూపు కాగితం మీద ఎటు తిరుగుతున్నదో యంత్రాలతో పరీక్షించి, మొదటి చూపుకు పట్టేది ఆరు సెకండ్లని లెక్కకట్టింది. 2018లో మళ్ళీ పరీక్షిస్తే 7.4 సెకండ్లని తేలింది. ఆరయితేనేం, ఏడయితేనేం? మా కదిరి వైపు శెనక్కాయలు కొనే వ్యాపారి మూటంతా కుమ్మరించి చూడడు. పిడికెడు తీసి, నాలుగు వొలిచి, గింజ చూసి ధర చెబుతాడు. ఆ పిడికెట్లో తాలుకాయలే వస్తే, అడుగున ఎంత మంచి కాయ వున్నా రైతుకు లాభంలేదు.

మరి మన పిల్లల కాగితాలలో పిడికెడు తీస్తే ఏం వస్తుంది? నా దగ్గరికి వచ్చినవి చెబుతాను వినండి. మొట్టమొదటి వాక్యం: సవాళ్ళతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను సంస్థ అభ్యున్నతికి వినియోగించగోరుతున్నాను. ఎక్కడ పుట్టిందో తెలియదు గాని ఈ వాక్యం అమలాపురం నుంచి ఆదోని దాకా ఒక్క అక్షరం తేడాలేకుండా ప్రయాణం చేసింది. దాని కింద మార్కుల పట్టిక. దాని కింద తనకు వచ్చినవంటూ పదిహేడు భాషలూ యంత్రాలూ. అన్నీ సమానంగా వచ్చునట! చిట్టచివర తండ్రి పేరు, పుట్టిన తేదీ, అవివాహితుడు, ‘సంగీతం వినుట, క్రికెట్టు చూచుట’, ‘పై వివరములు నిజమని ప్రమాణము చేయుచున్నాను’. ఇది బయోడేటాయా, పెళ్ళిసంబంధానికి పంపిన కాగితమా అనిపిస్తుంది. చేసిన పని ఏదని వెతికితే రెండో పేజీలో ఒక మూల ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ అని వుంటుంది. నలుగురు కలిసి చేసినది. మన ఇంజనీరింగు కాలేజీల్లో తయారైన ఇన్ని లైబ్రరీ సిస్టములలో ఒక్కదానితోనైనా ఏ లైబ్రరీలోనైనా పుస్తకం ఇచ్చి పుచ్చుకున్నారో లేదో ఆ భగవంతుడికే తెలియాలి.

మా కుర్రవాడి కాగితం కూడా సరిగ్గా ఇదే. చూసి పక్కన పెట్టాను.

“ఇది కాదు నాయనా. ఎవరైనా వాడుకున్నది ఏదన్నా చేసినావా?” అని అడిగాను.

కాసేపు నసిగాడు. “ఒగటి చేసినా సార్. మా మామ పాలకేంద్రం పెట్టినాడు. దానికి. అది చెప్పుకునేది కాదు సార్, నవ్వుతారు.”

వానలు లేని చోట పాడి మీద బతకడం మా వైపు మామూలే. ఆ మేనమామ పక్కపల్లెలో పాలు పోయించుకుంటాడు. పొద్దున, సాయంత్రం అరవై డెబ్భై మంది క్యాన్లు పట్టుకొని వస్తారు. ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, దాన్నిబట్టి ధర ఎంత అని నోటుపుస్తకంలో రాస్తాడు. పదిహేను రోజులకొకసారి లెక్కచూసి డబ్బులు ఇవ్వాలి. ఆ రోజు వస్తే ఇంటిముందర తగాదా. “నా పాలు తక్కువ రాసినావు” అని ఒకామె, “వెన్న మూడున్నర కాదు నాలుగు” అని ఇంకొకాయన. దీనికి మేనల్లుడు తన ఫోనులో నడిచే ఒక ప్రోగ్రాము రాసిపెట్టాడు. లీటర్లూ వెన్నా నొక్కితే డబ్బు లెక్క వేస్తుంది; పాలు పోసినవాళ్ళ ఫోనుకు అప్పటికప్పుడు మెసేజి పోతుంది. పక్షం దినాల లెక్క ఒక్క నిమిషంలో వస్తుంది. ఏడాదిగా అది నడుస్తున్నది.

“మరి సిగ్నల్ లేకపోతే?” అన్నాను.

అప్పుడు వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు! అంతవరకు నేలచూపులు చూస్తున్నవాడు కాస్తా కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆ పల్లెలో పొద్దున పూట సిగ్నల్ వుండదు. అందుకని లెక్కంతా మొదట ఫోనులోనే దాచి, సిగ్నల్ వచ్చినప్పుడు పంపే ఏర్పాటు చేశాడు. పంపుతుండగా మధ్యలో సిగ్నల్ పోతే ప్రోగ్రాము మళ్ళీ పంపుతుంది. అప్పుడు ఒకే పాలు రెండుసార్లు లెక్కకెక్కి, మామ చేతినుంచి డబ్బు పోయేది. దానికి విరుగుడుగా తేదీ, పూట, మనిషి నంబరు కలిపి ప్రతి పద్దుకూ ఒక గుర్తు పెట్టాడు. అదే గుర్తుతో రెండోసారి వస్తే లెక్కలోకి తీసుకోదు. పైసల దగ్గర ఇంకో చిక్కు. రూపాయల్లో దశాంశాలుగా దాస్తే చివర అర్ధరూపాయి, రూపాయి తేడా వచ్చేది. అందుకని అన్నీ పైసల్లోనే పూర్ణసంఖ్యలుగా దాచాడు.

ఇంత తెలిసినవాడు ఇదంతా దాచిపెట్టి, ఎవరూ వాడని లైబ్రరీ సిస్టమును ముందుపెట్టాడు. ఎందుకంటే ఇది పల్లెటూరి పని, పాలపని. బెంగుళూరువాళ్ళు నవ్వుతారని భయం. ఈ సిగ్గు వాడొక్కడిదే కాదు. మా ప్రాంతపు పిల్లల్లో ముప్పాతికమందికి వుంది.

ఇద్దరం కూర్చొని కాగితం తిరగరాశాం. ఒకటే పేజీ. పైన పేరు, ఫోను, వూరు. రెండు వాక్యాలు తన గురించి: ఏ పని చేయగలడు, ఏ ఉద్యోగం అడుగుతున్నాడు. ఆ వెంటనే పాలకేంద్రం. దాన్ని ఇలా రాశాం: “రోజుకు రెండుపూటలా అరవై డెబ్భై మంది పాలు పోసే కేంద్రానికి ఫోను ప్రోగ్రాము. నెట్‌వర్కు లేనప్పుడూ నడుస్తుంది. ఒకే పద్దు రెండుసార్లు చేరకుండా కట్టుదిట్టం. పక్షం లెక్కకు ముందు ఒకరోజు పట్టేది, ఇప్పుడు ఒక నిమిషం. ఏడాదిగా వాడుకలో వుంది.” కింద వాడిన భాష పేరు, యంత్రాల పేర్లు. పదిహేడు కొట్టేసి ఆరు మిగిల్చాం. అడిగితే అరగంట మాట్లాడగలిగినవే వుంచమన్నాను. తండ్రి పేరు, ప్రమాణపత్రం ఎగిరిపోయాయి. వాక్యానికి నా కొలత ఒకటే. పని ఎవరికోసం, ముందు ఎలా వుండేది, నువ్వేం చేశావు, తరువాత ఏమైంది? ఈ నాలుగూ వున్నాయా లేదా అన్నది చూస్తాను. ‘కష్టపడి పనిచేసేవాణ్ణి’, ‘త్వరగా నేర్చుకుంటాను’ లాంటివి కనబడితే ఎర్రసిరా వాడతాను.

ఆరు వారాల్లో మూడు పిలుపులు వచ్చాయి. ఒకచోట గంటసేపు జరిగిన ఇంటర్వ్యూలో ముప్పాతిక గంట పాలకేంద్రమే నడిచిందట. అడిగినాయన ఒక చురకత్తిలాంటి ప్రశ్న వేశాడు: తేదీ, పూట, మనిషి నంబరు కలిపి గుర్తు పెట్టావు సరే, ఒకే పూట ఒకే మనిషి రెండుసార్లు పాలు తెస్తే? మావాడు నవ్వేశాడట. మూడో రోజే అది జరిగింది సార్, ఒకామె ఒక క్యాను పోసి, ఇంటికిపోయి రెండోది తెచ్చింది, దానికి డబ్బు పడలేదు, ఇంటిమీదికి తగాదాకు వచ్చింది, అప్పటినుంచి క్యాను నంబరు కూడా కలిపాను అన్నాడట. ఆ ఉద్యోగం వచ్చింది. చిన్న కంపెనీ, మొదటి ఆరునెలలు స్టైపెండే. ఎనుములు మాత్రం ఇంటిదగ్గరే వున్నాయి.

అందరికీ మేనమామల పాలకేంద్రాలు వుండవు గదా అంటారు. నిజమే. కాని ప్రతి వూళ్ళో లెక్క తప్పేది ఏదో ఒకటి వుంటుంది. చీటీలపాట, బోరుబావి వంతులు, బడి హాజరు, మందుల షాపులో గడువు తీరిన మందులు... వాడుకునే మనిషి ఒక్కడున్నా చాలు. ఎవరూ వాడని పెద్దదానికంటే పదిమంది వాడే చిన్నది మాట్లాడటానికి ఎక్కువ సరుకు ఇస్తుంది.

ఇక తప్పుడు అనుభవం కాగితాల సంగతి. ఇది రహస్యమేమీ కాదు. హైదరాబాదు, బెంగుళూరు వీధుల్లో బహిరంగంగా సాగే వ్యాపారం. తల్లిదండ్రులు ఒక్క విషయం గ్రహించాలి. భవిష్యనిధికి 2014 నుంచి మనిషికొక శాశ్వత సంఖ్య ఇచ్చారు, యు.ఏ.ఎన్. అంటారు. ఏ కంపెనీ ఏ నెల మన పేరిట ఎంత కట్టిందో అందులో వుంటుంది. ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఇవాళ ముందుగా అడిగేవాటిలో అదొకటి. ఆదాయపన్ను కాగితాలు మరొకటి. పోనీ మొదట్లో పట్టుబడకపోయినా, రెండేళ్ళ తరువాత పట్టుబడితే ఆనాడే బయటికి పంపుతారు. అప్పటికి చేసిన నిజమైన అనుభవమూ దానితోపాటు మట్టిలో కలుస్తుంది. అబద్ధపు లెక్క ఎంతదూరం పోతుందో మన తెలుగువాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజుగారు స్వయంగా వుత్తరం రాసి ఒప్పుకున్నారు, లేని నగదు అయిదువేల కోట్లకు పైగా లెక్కల్లో చూపించామని. ఏ పాపమూ ఎరగని వేలాది ఇంజనీర్లు ఆ నెలల్లో జీతం వస్తుందా రాదా అని బిక్కుబిక్కుమన్నారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని దక్కించుకునేదాకా వాళ్ళ ఇళ్ళల్లో నిద్రలేదు.

కాగితం గురించి ఇంతసేపు చెప్పాను గాని, ఇవాళ రిక్రూటర్లు కాగితం వచ్చేదాకా కూర్చోవడం లేదు. వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు. వెతికే చోట్లు ముఖ్యంగా మూడు. ఒకటి మన దేశపు నౌకరీ, 1997లో పుట్టింది. రెండోది లింక్డిన్, 2003 నాటిది. మూడోది గిట్‌హబ్, 2008 నాటిది; ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ పనిని పదిమందీ చూసేటట్టు దాచుకునే చోటు. ఇందులో మా జిల్లావాళ్ళు గర్వపడే సంగతి ఒకటుంది. లింక్డిన్‌ను 2016లోనూ గిట్‌హబ్‌ను 2018లోనూ కొన్నది మైక్రోసాఫ్ట్ కంపెనీ. అప్పటికే దాని అధిపతి సత్య నాదెళ్ళ. ఆయన పుట్టింది 1967లో హైదరాబాదులోనే గాని, తండ్రి, ఐ.ఏ.ఎస్. అధికారి యుగంధర్‌గారిది అనంతపురం జిల్లా బుక్కాపురం. యుగంధర్‌గారు పేదల పక్షాన నిలిచే అధికారిగా పేరుపొంది, ప్రణాళికా సంఘంలో సభ్యులుగా కూడా పనిచేశారు.

సత్య నాదెళ్ళ 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరడానికి వెళ్ళిన ఇంటర్వ్యూ ముచ్చట 2017లో తన పుస్తకంలో రాసుకున్నారు. రోజంతా ప్రోగ్రాముల ప్రశ్నలకు జవాబులు చెప్పాక, చివరి పెద్దమనిషి ఒక వింత ప్రశ్న వేశాడట. రోడ్డు మీద పసిబిడ్డ పడి ఏడుస్తుంటే నువ్వేం చేస్తావు? ఈయన అత్యవసర టెలిఫోను నంబరు 911కు ఫోను చేస్తానన్నాడు. ఆ పెద్దమనిషి లేచివచ్చి, భుజం మీద చెయ్యి వేసి, బిడ్డ ఏడుస్తుంటే ముందు ఎత్తుకోవాలయ్యా అని సాగనంపాడట. ఇక ఉద్యోగం రాదనే అనుకున్నారట నాదెళ్ళ. వచ్చింది. తెలివైన జవాబు వేరు, ఎదుటి మనిషి అవసరాన్ని గుర్తించడం వేరు. ఆ రెండోదాన్ని కూడా ఇంటర్వ్యూల్లో తూచుతారని మన పిల్లలకు ఎవరూ చెప్పరు. పాలకేంద్రం కుర్రవాడు క్యాను తెచ్చిన ఆమె తగాదాను వినకపోతే ఆ క్యాను నంబరు సంగతి వాడికి తట్టేదే కాదు.

గిట్‌హబ్ దగ్గరికి వద్దాం. అక్కడ ముప్ఫయి ప్రోగ్రాములు పడేస్తే గొప్ప అనుకుంటారు. వాటిలో ఇరవై ఏడు ఏదో పాఠం చూసి దించినవే. ఏ పని ఏ తేదీన చేసిందీ అక్కడ నమోదై వుంటుంది. ఒకే రాత్రి మొత్తం ప్రత్యక్షమైతే అది ఎక్కడిదో చూసేవాడికి అర్థమవుతుంది. మూడు మంచివి వుంచండి. ఒక్కొక్కదానికి ముందుమాటగా ఒక పేజీ రాయండి: ఇది ఎందుకు, ఎలా నడపాలి, ఇంకా ఏం మిగిలింది. మిగిలిపోయింది ఏమిటో చెప్పుకున్నవాణ్ణి చూస్తే నాకు ముచ్చట వేస్తుంది. పెద్ద ఇంజనీర్లకూ అంతేనట.

ఇతరుల పనిలో చెయ్యి కలపడం మరో దారి. నేను రోజూ వాడే వాటినే చెబుతాను. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ‘లేఖిని’ని వీవెన్‌గారు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. నిఘంటువులన్నిటినీ ఒకచోట వెతుక్కొనేందుకు ‘ఆంధ్రభారతి’ని వాడపల్లి శేషతల్పశాయి, కాలేపు నాగభూషణరావుగార్లు నిలబెట్టారు. ఆ నిఘంటువు లేకపోతే నాబోటి పంతుళ్ళకు రోజు గడవదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా వుంది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్ళు వున్నారు. ఇలాంటి చోట చిన్న లోపం కనిపెట్టి, సరిదిద్ది పంపిస్తే, పెద్దలు దాన్ని పరిశీలించి, తప్పొప్పులు చెప్పి, చేర్చుకుంటారు. ఆ రాతకోతలన్నీ అక్కడ అందరికీ కనబడుతూనే వుంటాయి. రిక్రూటరు నమ్మడానికి అంతకన్న ఏం కావాలి? గూగుల్ కంపెనీ 2005 నుంచి ఏటా వేసవిలో ఇలాంటి పనికి కొత్తవాళ్ళకు డబ్బు కూడా ఇస్తున్నది.

ఇప్పుడు మన ఇళ్ళల్లో అందరికీ ఇష్టమైన విషయం: సిఫార్సు. “మీ బావమరిది బెంగుళూరులోనే వున్నాడు గదా, ఒక మాట చెప్పరాదా?” సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రెఫరల్ అనేది మన పాత సిఫార్సు కాదు. లోపల పనిచేసేవాడు ఒక కాగితాన్ని లోపలికి పంపుతాడు. జల్లెడ దాటి మనిషి కంటికి ఆనుతుంది. అంతే. పరీక్ష మనమే నెగ్గాలి. అయినా దాని విలువ చిన్నది కాదు. అయితే ఎవరి ద్వారా? అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త మసాచుసెట్స్‌లోని న్యూటన్ అనే వూళ్ళో వుద్యోగాలు మారినవాళ్ళను అడిగి చూశాడు. 1973లో, 1974లో ఆ సంగతులు ప్రచురించాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో, తరచు కలుసుకునే ఆప్తుల ద్వారా దొరికింది 16.7 శాతానికే. ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్ళ ద్వారా 55.6 శాతానికి, ఎప్పుడో గాని కలవనివాళ్ళ ద్వారా 27.8 శాతానికి. మన ఆప్తులకు తెలిసిన ఖాళీలు మనకూ తెలిసే వుంటాయి. దూరపు పరిచయస్తుడికి తెలిసినవి వేరు. 2022లో రెండుకోట్ల మంది లింక్డిన్ సభ్యుల మీద జరిపిన పరిశీలనలో కూడా ఆప్తులకన్న కొంచెం దూరపువాళ్ళే ఎక్కువ అక్కరకు వచ్చారు.

కాబట్టి బావమరిదిని వదిలేసి, మూడేళ్ళ కిందట అదే కాలేజీలో చదివి బయటికి వెళ్ళిన పై తరగతి అబ్బాయికి రాయండి. ‘సార్, దయచేసి ఏదైనా ఉద్యోగం వుంటే చెప్పండి’ అని కాదు. దానికి జవాబివ్వడం ఎవరి తరమూ కాదు. “అన్నా, మీ కంపెనీలో ఫలానా నంబరు ఖాళీ చూశాను. నేను ఫలానా పని చేశాను, దాని లంకె ఇది. నా కాగితం సరిపోతుందనిపిస్తే లోపలికి పంపగలరా?” ఇంత చాలు. జవాబు రాకపోతే వారం తరువాత ఒకసారి గుర్తుచేయవచ్చు. మూడోసారి వద్దు.

2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంకో వింత మొదలైంది. అందరి ఇంగ్లీషూ బాగుపడింది. అందరి కాగితాలూ ఒకే గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టాయి. వెనుక తప్పుల ఇంగ్లీషులోనైనా మనిషి కనబడేవాడు. ఇంటి దగ్గర కూర్చొని పరీక్ష రాసేవాళ్ళలో జవాబులు ఎవరివో తెలియక కంపెనీలు మళ్ళీ ఎదురుగా కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాయి. కనీసం ఒక విడతైనా ముఖాముఖి వుండాలని గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ కూడా 2025లో చెప్పారు. పైగా అవకాశాలు మునుపటిలా లేవు. అదే సంవత్సరం జులైలో టీసీఎస్ పన్నెండు వేలమందికి పైగా తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. భాష దిద్దించుకోవడానికి ఆ యంత్రాన్ని వాడుకోవచ్చు, నేను కాదనను. సరుకు మాత్రం మనదై వుండాలి. రాసిన ప్రతి వాక్యం గురించి ‘ఎందుకలా చేశావు?’ అని మూడుసార్లు వరసగా అడిగితే చెప్పగలగాలి. మా పిల్లల చేత నేను ఈ అభ్యాసం తెలుగులోనే మొదలుపెట్టిస్తాను. తెలుగులో తడబడేవాడు ఇంగ్లీషులో తడబడటానికి కారణం ఇంగ్లీషు కాదు, విషయం తెలియకపోవడం. తెలుగులో గడగడా చెప్పాక, అదే ఇంగ్లీషులో. అప్పుడు వ్యాకరణం కొంచెం అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు.

పెళ్ళి, పిల్లలు అని నాలుగైదేళ్ళు ఉద్యోగం మానిన ఆడపిల్లలు ఆ ఖాళీని దాచడానికి నానా తంటాలు పడతారు. దాచవద్దు. ఒక్క వాక్యంలో చెప్పి, దాని కింద గత ఆరునెలల్లో చేసిన పని చూపించండి. తిరిగి వచ్చేవాళ్ళకోసం ప్రత్యేకంగా ద్వారాలు తెరిచిన కంపెనీలు ఇప్పుడు చాలానే వున్నాయి.

ఇప్పటికే ఉద్యోగంలో వుండి మారాలనుకునేవాళ్ళకు ఒక మాట. మన దేశపు కంపెనీల్లో చాలాచోట్ల రాజీనామా తరువాత తొంభై రోజులు వుండాలి. రిక్రూటరు మొదటి ఫోనులోనే అది అడుగుతుంది. తగ్గించుకునే వీలుంటే ఎంతకు తగ్గుతుందో ముందే కనుక్కొని, కాగితం పైభాగంలోనే రాయండి. ప్రతిభ సమానంగా వున్న ఇద్దరిలో ముందు చేరగలవాడికే పిలుపు వస్తుంది. నౌకరీలో వివరాలు అప్పుడప్పుడు సరిచూసుకుంటూ వుండాలి; ఆర్నెల్లుగా కదలనివాళ్ళను వెతికేవాళ్ళు పట్టించుకోరు.

పల్లె నుంచి వీడియో ఇంటర్వ్యూకు కూర్చునేవాళ్ళు ముందురోజే అదే వేళకు అదే చోట కూర్చొని సిగ్నల్ చూసుకోండి. మా వీధిలో మిద్దెమీద బాగా వస్తుంది గాని, పదిగంటలకు ఎండ మొహాన కొడుతుంది. గోడ నీడలోకి కుర్చీ జరుపుకుంటే సరి. రెండో కంపెనీ ఫోనులో రీచార్జి చేయించి దగ్గర పెట్టుకోండి. కరెంటు పోతుందని తెలిస్తే, ఆ మాట మొదట్లోనే చెప్పేయండి, ఎవరూ తప్పుపట్టరు. ఇంట్లోవాళ్ళు ఆ గంటసేపు కుక్కరు పెట్టకపోతే చాలు.